సగం ఎనిమిది

ఫిబ్రవరి 9

తియానా ఆగస్టులో వస్తానంది. నేను నమ్మలేదు. పోయిన ఏడాదీ ఇలాగే అంది, టికెట్టు కొనే వేళకు పరీక్షలు అడ్డొచ్చాయి. అంతకు ముందు ఏడాది వాళ్ళ నాన్న రాదె అడ్డొచ్చాడు.

రాదె దాన్ని ఇంగ్లండులో లీడ్స్‌కు తీసుకెళ్ళినప్పుడు పిల్లకు ఆరేళ్ళు. "ఒక్క ఏడాది ఓర్చుకో నేవెన్కా, పని కుదరగానే నిన్నూ పిలిపిస్తా" అన్నాడు. కుదిరింది పని ఒక్కటే కాదు, ఇంకో ఆవిడ కూడా. నేను వీసాకు రెండుసార్లు పెట్టుకున్నాను, రెండుసార్లూ కాదన్నారు. ఇప్పుడు పిల్లకు పంతొమ్మిది. ఇన్నేళ్ళుగా నా కూతురు నాకు ఫోనులో అరచెయ్యంత బొమ్మ.

ఈసారి అన్న మాట మాత్రం వేరు. ఒక్క ఊళ్ళో కూర్చోవద్దట, రైళ్ళలో తిరుగుదామట, నేనూ అదీ. ఒకే పాసు మీద ఏ దేశం రైలైనా ఎక్కొచ్చట. దాని స్నేహితులందరూ అలాగే తిరిగారట. చివరికి సెర్బియాలో మా ఊరు సుబోతిత్సా వచ్చి, ఇంట్లో నాలుగు రోజులు ఉంటుందట.

నాకేం ఆశ లేదు. ఊరికే రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 10

రైళ్ళ వేళలు చూశాను. ఊరికే.

ఫిబ్రవరి 23

ఎదురింటి ఎతెల్క పిన్ని వచ్చి చూస్తే వంటింటి బల్ల మీద అన్నం గిన్నెకు చోటు లేదు, అన్నీ రైలు దారుల పటాలే. మేజోళ్ళ ఫ్యాక్టరీలో పొద్దంతా సూదుల మధ్య నిలబడే మనిషికి ఇంటికొచ్చాక ఈ పిచ్చి ఏమిటంది. ఇల్లలకగానే పండగవుతుందా అంది. నేను ఇల్లు అలకడం లేదు పిన్నీ, చీపురు ఎక్కడుందో వెతుక్కుంటున్నానంతే అన్నాను.

కానీ చెప్పొద్దూ, ఇది నేను అనుకున్నంత ఖరీదు వ్యవహారం కాదు. పెద్ద బళ్ళకు సీటు కోసం విడిగా డబ్బు గుంజుతారు, పాసు ఉన్నా సరే. చిన్న ఊళ్ళలో ఆగుతూ పోయే బళ్ళకు ఏమీ ఇవ్వనక్కర్లేదు. రాత్రి బండి ఎక్కితే ఆ రాత్రి గది ఖర్చు తప్పుతుంది. తిండి ఇంటి నుంచే. వేయించిన కోడి రెండు రోజులు ఉంటుంది, అయ్‌వార్ పచ్చడి సీసా నెల రోజులు ఉంటుంది, రొట్టె ఎక్కడైనా దొరుకుతుంది. వియన్నాలో కాఫీ తాగకపోతే చచ్చిపోం.

బుడాపెస్టు, ప్రాగ్, క్రాకోవ్, వియన్నా, వెనీస్, త్రియెస్తె, లుబ్లియానా, మళ్ళీ బుడాపెస్టు, సెగెద్, ఇల్లు. గీత గీస్తే ఉరితాడు ముడిలా వచ్చింది. పిన్ని మాత్రం గసగసాల రొట్టె చుట్టలా ఉందంది. ఎవరి ఆకలి వాళ్ళది.

మార్చి 16

పిల్ల ఆదివారం సగం తొమ్మిదికి ఫోను చేస్తానంది. ఎనిమిదిన్నరకల్లా టీవీ కట్టేసి, జుట్టు దువ్వుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు మోగింది. ఏమే, ఇదా ఫోను చేసే వేళ అంటే చెప్పిన వేళకే చేశాగా అంటుంది. ఇంగ్లండు గడియారం మనకంటే గంట వెనక. మా గంటలు చూసి చెప్పవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నా చెవికెక్కదు. "మీ గంటలే చెప్పానమ్మా" అని పైగా దబాయింపు.

ఎవరి కోసమైతే మనసు పెడతామో వాళ్ళ వేళ మనకు గుర్తుంటుంది. నేను దానికి ఇంకా గుర్తులేను, అంతే సంగతి.

మార్చి 17

అంత మాట రాయాల్సింది కాదు. పిల్ల చదువుకుంటూ కాఫీ కొట్లో పని కూడా చేస్తోంది.

ఏప్రిల్ 5

ప్రాగ్ వద్దంది. సెలవు తక్కువట. సరే, ప్రాగ్ కొట్టేశాను.

ఏప్రిల్ 19

క్రాకోవ్ కూడా కొట్టేశాను. ఇప్పుడు గీత మరీ సన్నబడింది. దగ్గర్లో ఉన్నవే మిగిలాయి, అదీ మంచిదే, తక్కువ తిరిగితే ఎక్కువ మాట్లాడుకోవచ్చు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకోవడంలో ఆరితేరిపోయాను.

మే 11

దాని మాటలు విని ఒక్కోసారి నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆరేళ్ళ పిల్ల భాష ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది. తక్కినదంతా ఇంగ్లీషు లోంచి తవ్వి తెచ్చుకుని మాటకు మాట పేర్చుకుంటుంది. చలేస్తోంది అనడం రాదు, "నేను చల్లగా ఉన్నాను" అంటుంది. అలాగే చల్లగా ఉండు తల్లీ అన్నాను. ఎందుకు నవ్వానో దానికి అర్థం కాలేదు. మళ్ళీ చేస్తానని చెప్పడానికి "నిన్ను వెనక్కి పిలుస్తా" అంటుంది. వెనక్కి ఎందుకే, ముందుకే పిలువు అన్నాను. అప్పుడు కొంచెం నొచ్చుకుంది.

"నవ్వకమ్మా. ఇక్కడ ఇంట్లో మన భాష ఎవరూ మాట్లాడరు. నీతో మాట్లాడేటప్పుడే వాడతా."

ఫోను పెట్టేశాక అంట్లు తోముతూ ఏడ్చాను. ఇక మీద తప్పులు దిద్దను. ఏమన్నా సరే, అన్న మాటను అన్నట్టే అర్థం చేసుకుంటాను.

మే 30

పాసులు కొన్నాం. దానిది అది, నాది నేను. దానిది కుర్రవాళ్ళ ధర. నాకు కూడా ముసలివాళ్ళ ధర రావడానికి ఇంకా పన్నెండేళ్ళు ఆగాలట. పిన్ని అంది, "పన్నెండేళ్ళు ఆగావంటే నీ పిల్ల పిల్లలతో వెళ్దువు గాని, బళ్ళో చోటు మాత్రం ఉండదు."

జూన్ 14

రాదె ఫోను చేశాడు. ఎన్నేళ్ళకో. మొదట వాతావరణం, తరువాత నడుంనొప్పి, ఆ తరువాత అసలు సంగతి. "పిల్ల చిన్నది నేవెన్కా. ఇవాళ ఒకటంటుంది రేపు ఒకటంటుంది. నువ్వు మరీ ఆశ పెట్టుకోకు."

నాకేం ఆశ లేదని చెప్పాను. నీ మీద పెట్టుకున్నప్పుడే అరిగిపోయిందని కూడా చెప్పాను. చెడ్డవాడు కాదు, మెత్తనివాడు. మెత్తనివాళ్ళే ఎక్కువ కొంపలు ముంచుతారు.

జూన్ 29

మళ్ళీ ఎదురుచూసేలా చేసింది. సగం ఏడుకు అంది, ఆరున్నర నుంచి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను, ఏడున్నరకు చేసింది. ఈసారి నేను వేళ మాట ఎత్తలేదు. అడిగితే మళ్ళీ మీ గంటలే అంటుంది.

జూలై 20

అంతా ఖాయమైంది. ఆగస్టులో ఫ్యాక్టరీ మొత్తానికి ఒకేసారి సెలవు, నేను ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. తియానా మూడో తేదీ రాత్రి బాగా పొద్దుపోయాక బుడాపెస్టులో విమానం దిగి, ఎక్కడో చవక బసలో పడుకుంటుంది. నేను మూడునే సెగెద్ మీదుగా అక్కడికే వెళ్ళి పిన్ని మేనకోడలింట్లో ఉంటాను. నాలుగో తేదీ పొద్దున బుడాపెస్టు కెలెతి స్టేషనులో పెద్ద గడియారం కింద కలుస్తాం. వియన్నాకు బళ్ళు వస్తూనే ఉంటాయి, కలిసి కాఫీ తాగి, ఏది వస్తే అది ఎక్కుతాం.

"సగం ఎనిమిదికి, సరేనా అమ్మా?"

సరే, సగం ఎనిమిదికి అన్నాను. రెండోసారి కూడా చెప్పించుకున్నాను. అక్కడ దాని గడియారమూ నా గడియారమూ ఒకటే, ఈసారి ఏ వంకా ఉండదని నవ్వాను. అదీ నవ్వింది. ఫోను మాత్రం హంగేరీ సరిహద్దు దాటగానే కట్టేస్తానని చెప్పాను, మా సిమ్ముకు బయట దేశంలో పడే బిల్లు ఇల్లు అమ్మినా తీరదు. ఫోను దేనికమ్మా, వస్తాంగా అంది.

వస్తాంగా. బహువచనం.

ఆగస్టు 2

కోడి వేయించాను. గసగసాల రొట్టె చేశాను, చిన్నప్పుడు చివరి ముక్క కోసం ఏడ్చేది. కిటికీ పక్కన చోటు దానికి. కిటికీ తెరవనివ్వను, ఎదురుగాలి తగిలితే మెడ పట్టేస్తుంది. ఇంగ్లండులో ఇవేవీ నమ్మరట. అందుకే అందరికీ జలుబు.

వెనీస్ చేరే ముందు రైలు సముద్రం మీద వెళ్తుంది, రెండు వైపులా నీళ్ళే. వెనీస్ నుంచి త్రియెస్తె పోయేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. రాసుకున్నాను.

ఆగస్టు 3

బయల్దేరాను. పిన్ని గుమ్మంలో నిలబడి నా వెనకే చెంబెడు నీళ్ళు పోసింది, ప్రయాణం నీళ్ళలా సాగాలని. నా మడమలు తడిశాయి. శుభమంది.

ఆగస్టు 4

రాలేదు.

ఆగస్టు 4, సాయంత్రం

ఇంట్లోనే ఉన్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఆరున్నరకే వెళ్ళాను. గడియారం కింద నిలబడ్డాను. మీద పడేంత జనం. వీపున సంచీ ఉన్న ప్రతి అమ్మాయినీ చూశాను. ఒకమ్మాయి నాకేసి నవ్వింది, నేను చెయ్యెత్తాను. ఆ అమ్మాయి నా వెనకున్న వాళ్ళను చూసి నవ్వింది. ఏడున్నర అయింది. సరే, అయిదు నిమిషాలు. సరే, పది. ఎనిమిది అయింది. ఎవరైనా వచ్చే మనిషి మొదటి రోజే, మొదటిసారే, అరగంట ఆలస్యం చేస్తుందా? పదమూడేళ్ళ తరువాత? ఫోనులోనైతే గడియారాల తేడా అనుకున్నాను. ఇక్కడ ఏం తేడా? ఒకే గడియారం, దాని కిందే నిలబడి ఉన్నాను.

స్టేషనులో నెట్టు ఉచితమని గోడ మీద రాసి ఉంది. ఫోను తెరిస్తే తెలిసిపోయేది. తెరవలేదు. మా వాళ్ళలో ఇనాత్ అని ఒకటి ఉంది, ఎదుటివాడికి నష్టం రావాలని ముందు మనం నష్టపోవడం. మా నాన్న పక్కింటివాడికి నీడ దక్కకూడదని సొంత ద్రాక్ష పందిరి నరికేశాడు. ఆ ఏడాదంతా ఎండలో కూర్చున్నాడు, తృప్తిగా. నేను ఆయన కూతుర్నే. ఫోను తెరిస్తే రాలేనని ఏదో వంక ఉంటుంది, పరీక్షో జ్వరమో. చదివి సరేనమ్మా పర్వాలేదు అనాలి. నేను అనను. ముష్టిదానిలా గడియారం కింద నిలబడి ఎన్నాళ్ళని అంటాను.

ఎనిమిది దాటి కాసేపటికి సంచీ ఎత్తుకున్నాను. సెగెద్ బండి ఎక్కాను. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను.

పిన్ని సంచీ చూసింది. కోడి, రొట్టె, సీసా, అన్నీ అలాగే ఉన్నాయి. ఏమీ అడగలేదు. ఫోను తెరవవే అని మాత్రం అంది. తెరవనన్నాను. రాదె చెప్పనే చెప్పాడు. అందరికీ తెలుసు, నాకే తెలియదు.

ఆగస్టు 5

పొద్దున ఫోను తెరిచాను.

మొదటి సందేశం నిన్నటిది, పొద్దున ఎనిమిది ఇరవై అయిదుకు. రాత కాదు, దాని గొంతు. పరుగెత్తి వచ్చినట్టు ఆయాసం, వెనక స్టేషను గోల.

"అమ్మా, వచ్చేశా. గడియారం కింద ఉన్నా. సగం ఎనిమిదికి ఇంకా అయిదు నిమిషాలుంది. చూశావా, ఈసారి నేనే ముందు వచ్చా."

మళ్ళీ విన్నాను. సగం ఎనిమిదికి ఇంకా అయిదు నిమిషాలు. ఫోను మీద ఎనిమిది ఇరవై అయిదు.

మళ్ళీ విన్నాను.

సగం ఎనిమిది అంటే ఎనిమిదో గంట సగం నడిచిందని, అంటే ఏడున్నర. మా ఊళ్ళో సెర్బులకూ హంగేరీ వాళ్ళకూ కుదరనివి సవాలక్ష ఉన్నాయి గాని ఇందులో ఎవరికీ పేచీ లేదు. పిన్ని మనవరాల్ని పిలిచి అడిగాను, ఇంగ్లీషు చదువుతుంది. "వాళ్ళకు సగం ఎనిమిదంటే ఎనిమిది దాటి సగం అత్తా. ఎనిమిదిన్నర" అంది, అది పెద్ద విషయమే కానట్టు. తియానాకు చలేస్తోంది అనడం రానట్టే ఇదీ రాదు. ఇంగ్లీషులోంచి తవ్వి తెచ్చుకుంది.

సగం తొమ్మిదికి అని తొమ్మిదిన్నరకు. సగం ఏడుకు అని ఏడున్నరకు. మీ గంటలే చెప్పానమ్మా. నిజమే చెప్పింది. ప్రతిసారీ సరిగ్గా చెప్పిన వేళకే చేసింది.

గడియారం చూడటం నేర్పేలోగానే రాదె దాన్ని తీసుకెళ్ళాడు. ఆ పాఠం ఇంకెవరో చెప్పారు. నేను ఇంకో అరగంట నిలబడి ఉంటే, సంచీ కింద పెట్టుకుని ఊరికే నిలబడి ఉంటే చాలు.

తక్కినవీ విన్నాను. నీ ఫోను మోగట్లేదు. బండి ఆలస్యమా? అమ్మా, నీకేమైనా అయిందా? ఎవరినో బతిమాలి స్టేషను మైకులో హంగేరీ భాషలో నా పేరు పిలిపించానంటుంది ఒకదాంట్లో. ఆఖరిది చీకటి పడే వేళది.

"నాన్న చెప్పాడు. నేనే వినలేదు. వియన్నా వెళ్తున్నా."

దానికీ చెప్పాడన్నమాట. నాకు చెప్పిన మాటే.

ఆగస్టు 5, మళ్ళీ

ఎత్తడం లేదు. రాసి పంపాను. గొంతుతో కూడా పంపాను. చూసింది, జవాబు లేదు.

ఆగస్టు 6

ఎత్తింది.

మొత్తం చెప్పాను. ఏడున్నర, ఎనిమిదిన్నర, ఇంగ్లీషు, మన భాష, అన్నీ. చెబుతుంటే నాకే వినిపిస్తోంది, ఎంత దిక్కుమాలిన వంకలా ఉందో. ఎవరైనా నాకు చెప్పినా నమ్మేదాన్ని కాదు. కానీ అది నమ్మింది. అదే ఇంకా ఘోరం. సరే, అయితే నువ్వు నిజంగానే వచ్చావు అంది.

వచ్చానే తల్లీ, నీ రొట్టె కూడా తెచ్చాను అన్నాను.

"ఎంతసేపు చూశావు?"

ఎనిమిది దాటిందాకా అన్నాను.

అప్పుడు అంది. తప్పులేమీ లేని భాషలో అంది, దిద్దడానికి ఒక్క ముక్క లేదు. "నేను నీ కోసం పదమూడేళ్ళు చూశానమ్మా. నువ్వు గంట చూడలేకపోయావు."

రేపే బయల్దేరి వస్తా, పాసు నా దగ్గరే ఉంది, వెనీస్‌లో కలుస్తా అన్నాను. వద్దంది. కోపంగా కాదు, అలిసిపోయిన మనిషిలా. కొన్నాళ్ళు ఒక్కదాన్నే ఉంటానంది. నిన్ను వెనక్కి పిలుస్తాలే అంది.

ఎప్పుడని అడగలేదు. ఏ వేళకని అడిగే హక్కు నాకెక్కడిది.

ఆగస్టు 8

ప్లాను ప్రకారం ఇవాళ వెనీస్. దాని దగ్గరా ఆ కాగితమే ఉంది, ఫోటో తీసి పంపాను కదా. రెండు వైపులా నీళ్ళు చూసి ఉంటుంది.

పిన్ని అడుగుతోంది, వద్దంటే మాత్రం ఆగుతావటే, పోయి ఎదురుగా నిలబడవేం అని. ఎలా వెళ్తాను? ఇంతలో అది మనసు మార్చుకుని ఇక్కడికే వచ్చేస్తే? తలుపుకు తాళం చూసి ఏమనుకుంటుంది?

ఇది వంకేనని నాకు తెలుసు.

ఆగస్టు 9

త్రియెస్తె. కుడివైపు కూర్చుందో లేదో.

ఆగస్టు 11

లుబ్లియానా. ఫోను మోగలేదు. అక్కడ వర్షమని వార్తల్లో చెప్పారు. చల్లగా ఉంటుంది పిల్ల.

ఆగస్టు 13

ప్లాను ప్రకారం రేపు ఇల్లు. కొత్తగా గసగసాల రొట్టె చేశాను. పాతది పిన్ని కోళ్ళకు వేసింది.

ఆగస్టు 14

సెగెద్ బండి సాయంత్రం ఏడున్నరకు వస్తుంది. నేను ఆరింటికే స్టేషనుకు వెళ్ళాను. సమయానికే వచ్చింది. నలుగురు దిగారు, ఇద్దరు సైకిళ్ళవాళ్ళు, ఒక ముసలాయన, ఒక నర్సు.

బెంచీ మీద కూర్చున్నాను. రొట్టె ఒళ్ళో ఉంది. ఎనిమిదిన్నరకు ఏ బండీ లేదని తెలుసు. దాని లెక్కలో సగం ఎనిమిది అదే కాబట్టి కూర్చున్నాను. అదీ దాటింది. నా సగమూ దాని సగమూ రెండూ అయిపోయాయి. అయినా లేవలేదు. చివరికి స్టేషను ఆయన వచ్చి, అమ్మా, ఇవాళ్టికి ఇక బళ్ళు లేవు, ఎవరి కోసం అన్నాడు.

నా కూతురు వస్తుంది, నేనే కాస్త ముందు వచ్చాను అన్నాను.

రేపు కూడా ఆ బండి ఉంది. నాకేం ఆశ లేదు. ఊరికే వెళ్ళి కూర్చుంటాను.